ఆ ఏడు నిమిషాలూ ఫోన్ పక్క గదిలో ఉండాలి

బాబూ,

ఆశీస్సులు. రోజూ 20 నిమిషాలు ధ్యానానికి కూర్చుంటున్నా మనసు నిలవడం లేదనీ, నీలో భక్తే పలచబడిందేమోననీ రాశావు. భక్తి ఎక్కడికీ పోలేదు. ఏమీ జరగని క్షణంలో ఊరికే ఉండగలిగే అలవాటు పోయింది. ప్రార్థనైనా, జపమైనా, ధ్యానమైనా నిలబడేది ఆ అలవాటు మీదే. లిఫ్ట్ వచ్చేదాకా అర నిమిషం, నీళ్లు కాగేదాకా రెండు నిమిషాలు, ఎవరి కోసమో ఎదురుచూసే ఐదు నిమిషాలు... రోజంతా ప్రతి ఖాళీలోనూ ఫోన్ తెర దూరిపోతుంటే, పొద్దున్నే వచ్చే 20 నిమిషాల ఖాళీని మనసు ఎలా ఓర్చుకుంటుంది?

ఇది నీ ఒక్కడి లోపమని కుంగిపోకు. 2014లో అమెరికా మనస్తత్వవేత్త టిమోతీ విల్సన్ బృందం తమ ప్రయోగాలను సైన్స్ పత్రికలో ప్రచురించింది. వాటిలో ఒకదానిలో మనుషుల్ని ఒక్కొక్కరిగా ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టారు. నొక్కితే చిన్న కరెంటు షాకు కొట్టే మీట ఒకటి అందుబాటులో ఉంచారు. ఆ షాకు తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తామని అంతకుముందే చెప్పినవాళ్లలో 18 మంది మగవాళ్లకు 12 మంది, 24 మంది ఆడవాళ్లకు ఆరుగురు తమకు తామే మీట నొక్కుకున్నారు. ఊరికే కూర్చోవడం అంత కష్టం. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసుకున్న క్రైస్తవ సన్యాసి ఎవాగ్రియస్ ఇదే రాశాడు: మధ్యాహ్నమయ్యేసరికి సూర్యుడు కదలనట్టే ఉంటాడట, కళ్లు మాటిమాటికీ కిటికీ వైపు పోతాయట. ఆయన కిటికీ దాకా లేచి నడవాలి. నీ కిటికీ చేతిలోనే ఉంది.

పని ముందు రాత్రి నుంచి మొదలుపెట్టు. ఫోన్‌ను పడకగది బయట చార్జింగ్‌కి పెట్టు. అలారానికి విడిగా ఒక గడియారం కొనుక్కో. ఇది చాదస్తం కాదు. అలారం ఫోన్‌లో ఉంటే కళ్లు తెరవగానే చెయ్యి దాని మీదే పడుతుంది, అలారం ఆపేలోపే కింద నాలుగు సందేశాలు కనిపిస్తాయి. ఇక కూర్చున్నంతసేపూ వాటికి జవాబులు రాసుకోవడమే. పడుకునే ముందు గంటసేపు తెర చూడకు. నీలి వెలుతురు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. వెలుతురు కంటే అందులో చదివిన విషయం ఇంకా ఎక్కువసేపు మేలుకోబెడుతుంది. నిద్ర చాలక కునికిపాట్లు పడుతూ దాన్ని ఆధ్యాత్మిక బద్ధకం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు కావలసింది ఇంకో గంట నిద్ర.

20 నిమిషాలను 7కి తగ్గించు, రెండు వారాల పాటు. తగ్గించడం వెనకడుగు కాదు. 20లో 15 నిమిషాలు పెనుగులాటే అయితే నువ్వు రోజూ సాధన చేస్తున్నది పెనుగులాటనే. ఫోన్ ఆపేసి పక్క గదిలో పెట్టు, బోర్లా పెట్టి ఒళ్లో ఉంచుకుంటే సరిపోదు. 2017లో అమెరికా పరిశోధకుడు ఏడ్రియన్ వార్డ్ బృందం చూసింది ఇదే: ఫోన్ మోగకపోయినా బల్ల మీద ఉన్నవాళ్ల కంటే వేరే గదిలో పెట్టినవాళ్లు జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగ్గా చేశారు. తర్వాతి ప్రయోగాలన్నిట్లోనూ అదే ఫలితం రాలేదు కానీ, పక్క గదిలో పెట్టడానికి నీకయ్యే ఖర్చేముంది?

సమయానికి కీ ఇచ్చి తిప్పే టైమర్ చాలు. లేదా జపమాల పట్టుకో: 108 పూసలదైనా, 99ది అయినా, 33ది అయినా. లెక్క వేళ్లు చూసుకుంటాయి, కళ్లు గడియారం వైపు పోనక్కర్లేదు. మాల కూడా ఒక పరికరమే సుమా. ఐరోపాలో యాంత్రిక గడియారాలు పెరిగిన చోట్లలో మఠాలూ ఉన్నాయి, ప్రార్థన వేళకు గంట కొట్టడానికి. గంట కొట్టి ఊరుకునే యంత్రంతో చిక్కు లేదు. కొట్టాక చెయ్యి పట్టుకుని లాక్కుపోయేదానితోనే జాగ్రత్త.

పక్కన చిన్న కాగితం, పెన్సిల్ ఉంచుకో. మూడో నిమిషంలో "ఆ మెయిల్ పంపానా?" అని గుర్తొస్తుంది. ఒక్క మాట రాసి వదిలెయ్. ఖాళీ జేబులో ఫోన్ వణికినట్టు అనిపిస్తే తడిమి చూడకు, దురదను గమనించినట్టు గమనించి ఊరుకో. మొదటి వారం దాటేలోపు భరించలేనంత విసుగు వస్తుంది. చాలామంది మానేసేది అక్కడే, దేవుడు పలకడం లేదనుకుని. తిమ్మిరెక్కిన కాలికి మళ్లీ రక్తం పారేటప్పుడు పోట్లు పొడుస్తాయి చూడు, ఆ విసుగు అలాంటిది. కదలకుండా కూర్చో.

ధ్యానం యాప్ గురించి అడిగావు. అందులో రిమైండర్లు, "వరుసగా ఎన్ని రోజులు" అనే లెక్క రెండూ ఆపెయ్. ఒక్కరోజు తప్పితే ఆ అంకె సున్నా అయిందని బాధపడతావు, కూర్చోలేదని కాదు. గొంతు వింటూ చేసే ధ్యానం మొదటి నెలకు మంచిదే. తర్వాత రోజు విడిచి రోజు గొంతు లేకుండా చెయ్.

ప్రవచనాలు ఒకటిన్నర వేగంతో వింటున్నానన్నావు. విషయం చెవికెక్కుతుంది, లోపలికి దిగే వ్యవధే ఉండదు. మామూలు వేగంలో ఒక్కటి విను, ఆటోప్లే తీసెయ్, అయ్యాక ఐదు నిమిషాలు ఏదీ ముట్టుకోకు. వెళ్లలేని చోటి ఆరాధనను ప్రత్యక్ష ప్రసారంలో చూడటం మంచంలో ఉన్నవాళ్లకు నిజంగా వరం. చూసేటప్పుడు కామెంట్లు మూసి, తెర నిండా పెట్టి, అక్కడివాళ్లు లేచినప్పుడు నువ్వూ లే.

ఏఐని శ్లోకం అర్థం అడగొచ్చు, కానీ మూలంతో సరిచూడు. లేని వాక్యాన్ని కూడా ఉన్నట్టే ధీమాగా చెప్పగలదది. నీ తప్పొప్పులు మాత్రం దానికి విప్పుకోకు. అది తరచూ నీ మాటకే వంత పాడుతుంది. నీతో విభేదించగల, రేపు నీ ముఖం చూడాల్సిన మనిషి కావాలి.

ఇవి కుదురుకున్నాక వారానికి ఒకపూట తెర లేకుండా ఉండు. నిష్ఠగా ఉండే యూదులు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి సుమారు 25 గంటలు ఫోన్ ముట్టరు. నీకు మొదట 3 గంటలు చాలు. ముందే అందరికీ చెప్పు, అవసరమైతే పిలవడానికి ఇంట్లో మరొకరి నంబరు ఇవ్వు. గడువు తీరగానే కరువు తీరా చూడటం మొదలైతే ఆ 3 గంటలూ నిరీక్షణగా మిగులుతాయి, అందుకే అయ్యాక మొదట కాల్స్ మాత్రం చూసుకుని మళ్లీ పక్కన పెట్టు.

రెండు వారాలయ్యాక రాయి. ఎన్ని రోజులు కూర్చున్నావో వద్దు, ఎన్నో నిమిషంలో లేవాలనిపించిందో, అప్పుడు ఏం చేశావో రాయి. దాన్ని బట్టి 7ను 10 చెయ్యాలో వద్దో చూద్దాం.