ఖర్చు తక్కువ ప్రేమకథ

అమ్మాయీ,

నీ స్క్రిప్టు అందింది. ప్రేమికుల్ని విడదీయడానికి వరద, విమానం, పగబట్టిన మేనమామ, ఇంతమందిని దింపావు. డబ్బు పెట్టేవాడు దొరకడని కాదు నా దిగులు. ఆ హడావుడిలో ఆ ఇద్దరూ నాకు కనిపించలేదు.

వీలు చూసుకుని 1955 నాటి ‘మార్టీ’ చూడు. టీవీ దెబ్బకి హాలీవుడ్ స్టూడియోలు రంగులూ వెడల్పాటి తెరలూ చూపించి జనాన్ని హాళ్లకు రప్పించుకుంటున్న రోజులవి. అప్పుడు ఒక టీవీ నాటకాన్నే తీసుకుని, మూడున్నర లక్షల డాలర్లలోపు, బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు దీన్ని. రాసింది పాడీ చాయెఫ్‌స్కీ, దర్శకుడు డెల్బర్ట్ మాన్. గంటన్నర సినిమా. ఉత్తమ చిత్రంతో కలిపి 4 ఆస్కార్లు, కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పామ్ డోర్ కూడా వచ్చాయి.

హీరో న్యూయార్క్ బ్రాంక్స్‌లో మాంసం కొట్టులో పనిచేసే 34 ఏళ్ల మనిషి. లావుగా ఉంటాడు, పెళ్లి కాలేదు. ఒకసారి సినిమా హాల్లో కలిసిన అమ్మాయికి భయంభయంగా ఫోన్ చేస్తాడు. అవతలి గొంతు మనకు వినిపించదు. ఈ శనివారం కాకపోతే వచ్చే శనివారం, అదీ కాకపోతే ఆపై శనివారం అని అడుగుతూనే ఉంటాడు. కెమెరా మెల్లగా దగ్గరికి జరుగుతుంది. హీరో వేషం వేసిన ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్ కళ్లు మూసుకుంటాడు, అంతే. ఒక మనిషి, ఒక ఫోను. ‘నేను ఒంటరివాణ్ణి’ అని నువ్వు పేజీన్నర రాసిన డైలాగు ఇక్కడ అవసరమే పడలేదు.

ఇంకోటి చూడు, ఇందులో విలన్ లేడు. పెళ్లి చేసుకోరా అని రోజూ పోరు పెట్టిన తల్లే, కొడుకు టీచరమ్మ క్లారాని ఇంటికి తీసుకురాగానే చల్లబడిపోతుంది. కోడలితో పడక తన అక్క ఇల్లు వదలాల్సి రావడం కళ్లారా చూసింది మరి. అత్తాకోడళ్ల గొడవ బ్రాంక్స్‌లోనూ అదే! అక్కచెల్లెళ్ల మాటలు కాస్త సాగాయి, నేనైతే కత్తిరించేవాణ్ణి. అయినా రేపు తనకీ అదే గతి పడుతుందన్న ఆ తల్లి భయం అబద్ధం కాదు, అందుకే ఆమె మీద కోపం రాదు. స్నేహితులూ అంతే. క్లారా అందంగా లేదని వాళ్లు ఎగతాళి చేసేది, వీడు పెళ్లి చేసుకుంటే తమ శనివారాలు ఖాళీ అయిపోతాయని.

నీ కథలో మేనమామని తీసెయ్. కొడుకు ఈ పిల్లని చేసుకుంటే వాళ్లమ్మకి ఏం పోతుందో ఆలోచించు. ఆ రాత్రి వంటింట్లో ఆవిడ కొడుకుతో ఏమంటుందో ఒక్క సీను రాసి పంపు. రెండు పేజీలు దాటనివ్వకు.