కమీషన్ లేని పని: పైసలు ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. హనుమకొండ నయీంనగర్‌లో అద్దెకుంటూ విదేశీ క్లయింట్లకు వెబ్ డిజైన్ చేస్తున్నాను. నెలకు సగటున 80 వేలు మిగులుతాయి. పనులు దొరికే ఫైవర్ వెబ్‌సైట్ 20 శాతం కమీషన్ పట్టుకుంటోంది. అక్కడ పరిచయమైన ఒక క్లయింట్ బ్లాక్‌చెయిన్ (ఎన్నో కంప్యూటర్లలో ఒకేసారి ఉండే ఉమ్మడి లెక్కల పుస్తకం) ప్లాట్‌ఫామ్‌కు మారదామని, కమీషన్ ఉండదని, డాలర్‌తో సమానమని చెప్పే యూఎస్‌డీసీ అనే క్రిప్టోలో డబ్బు ఇస్తానని అంటున్నాడు. వచ్చినదంతటి మీదా 30 శాతం పన్ను పడుతుందని స్నేహితులు భయపెడుతున్నారు. మా నాన్న అయితే "మధ్యల ఎవ్వరు లేకుంటే పైసలు ఎవలని అడుగుతవ్ బిడ్డా?" అంటున్నాడు. వచ్చే ఏడాది హోమ్‌లోన్ తీసుకోవాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలిన వాళ్లెవరికైనా ముందు తట్టేది అదే. అడ్తిదారు కమీషన్ పట్టుకుంటాడని తిట్టుకుంటాం. కానీ కాంటా దగ్గర నిలబడేది, వ్యాపారి పైసలు ఆపితే వెంటపడేది, తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాసిచ్చేది అతనే. 2016లో ఈ-నామ్ వచ్చి ధరలు కంప్యూటర్‌లోకి ఎక్కినా అడ్తి దుకాణాలు మూతపడలేదు. ఫైవర్ కూడా మీకు అడ్తిదారే. దాన్ని వదిలేస్తే 20 శాతం మిగులుతుంది, అది చేసే పనంతా మీ నెత్తిన పడుతుంది.

కొత్త పద్ధతిలో క్లయింట్ ముందుగానే డబ్బును స్మార్ట్ కాంట్రాక్ట్ అనే ప్రోగ్రాంలో జమ చేస్తాడు. పని నచ్చిందని ఒప్పుకోగానే అది నేరుగా మీ వాలెట్‌లో, అంటే క్రిప్టో ఉంచుకునే డిజిటల్ సంచిలో పడుతుంది. పని చేయించుకుని మాయమయ్యే వాళ్లకు ఇది గట్టి కళ్లెం. నాకు కమీషన్ కంటే ముఖ్యంగా కనిపించేది రేటింగుల సంగతి. ఇప్పుడు మీ రివ్యూలన్నీ ఫైవర్ చేతిలో ఉన్నాయి, అకౌంట్ పోతే అవీ పోతాయి. బ్లాక్‌చెయిన్ మీదికెక్కిన రికార్డు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు కాబట్టి దాన్ని ఇంకో చోట చూపించి పని అడగొచ్చు. ఫ్రీలాన్స్ పనుల్లో నిజంగా మార్పు వస్తే అక్కడే వస్తుంది.

చిక్కల్లా గొడవ వచ్చినప్పుడే. ఫైల్ అందిందో లేదో ప్రోగ్రాం చెప్పగలదు, హోమ్ పేజీ బాగుందో లేదో చెప్పలేదు. అలాంటప్పుడు క్లెరోస్ లాంటి వేదికల్లో టోకెన్లు (ఆ వేదిక క్రిప్టో నాణేలు) పణంగా పెట్టినవాళ్లు జ్యూరీలా కూర్చుని ఓటేస్తారు. ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు స్క్రీన్‌షాట్లు పెట్టి మీ వాదన మీరే వినిపించుకోవాలి. మీ నాన్నగారి ప్రశ్నకు ఈ పద్ధతిలో దొరికే జవాబు ఇంతే.

ఇక పన్ను. మీ స్నేహితులు సగమే విన్నారు. చేసిన పనికి యూఎస్‌డీసీ వస్తే, వచ్చిన రోజున దాని రూపాయి విలువ మీ వృత్తి ఆదాయం. దానికి మామూలు శ్లాబులే. ఆ రోజు విలువ 85,000 అనుకుందాం. తర్వాత 85,600కు అమ్మితే, 30 శాతం ఆ 600 మీదే. సెస్‌తో కలిపి 187 రూపాయలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు వచ్చే రిబేటు ఈ 30 శాతం పన్నుకు వర్తించదు. 84,400కే అమ్మారా, ఆ నష్టాన్ని దేనితోనూ సర్దుకోనివ్వరు. అందుకే దాచుకోకుండా వచ్చిన రోజే అమ్మేయండి. క్రిప్టోను రూపాయలుగా మార్చే ఎక్స్చేంజ్ ఒక శాతం టీడీఎస్ కోస్తుంది, రిటర్న్‌లో చూపించుకోవచ్చు. డాలర్‌తో సమానం అనే మాటను కూడా పూర్తిగా నమ్మొద్దు. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మునిగినప్పుడు యూఎస్‌డీసీ 88 సెంట్ల దాకా జారి, కొన్ని రోజులకు తేరుకుంది.

అన్నిటికంటే నాకు భయం అమ్మే చోట. కాజీపేట కుర్రాడొకడు రెండు రూపాయలు ఎక్కువ వస్తాయని టెలిగ్రామ్‌లో దొరికిన మనిషికి నేరుగా అమ్మాడు. డబ్బు అకౌంట్‌లో పడింది. మూడు వారాలకు ఏటీఎం పనిచేయలేదు. ఆ డబ్బు ఎక్కడో సైబర్ మోసంలో పోగొట్టుకున్నవాళ్లదట. వేరే రాష్ట్రం పోలీసులు అకౌంట్ ఆపించారు. ఇంటి అద్దెకు తమ్ముడి దగ్గర అప్పు చేసి నా దగ్గరికొచ్చాడు. కాబట్టి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా సంస్థ ఎఫ్‌ఐయూలో నమోదైన ఎక్స్చేంజ్‌లోనే అమ్మండి, అక్కడ కూడా డబ్బు నిల్వ ఉంచొద్దు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్చేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు హ్యాకర్ల పాలయ్యాక, ఖాతాదారులు తమ సొమ్ము తీసుకోలేక నెలల తరబడి ఎదురుచూశారు.

మీ క్లయింట్ ఫైవర్‌లో పరిచయమైనవాడు. అతనితో బయట డబ్బు తీసుకోవడం ఫైవర్ నిబంధనలకు విరుద్ధం, తెలిస్తే అకౌంట్ మూసేస్తారు. ఒక్క క్లయింట్ కోసం నెలకు 80 వేలు తెచ్చే అకౌంట్‌ను పణంగా పెట్టకండి. అతనికి మర్యాదగా వద్దని చెప్పండి. కొత్త పద్ధతి చూడాలనుంటే కొత్త క్లయింట్‌తో, నెలకు పది వేలు దాటని చిన్న పని ఒకటి తీసుకోండి.

హోమ్‌లోన్ వచ్చేదాకా అంతకు మించొద్దు. బ్యాంకు మేనేజర్ అడిగేది రెండు మూడేళ్ల ఐటీ రిటర్న్‌లు, స్టేట్‌మెంట్లు. విదేశీ చెల్లింపుగా, ఎందుకొచ్చిందో చెప్పే పర్పస్ కోడ్‌తో బ్యాంకులోకి వచ్చిన డబ్బుకు ప్రశ్నలుండవు, క్రిప్టో ఎక్స్చేంజ్ పేరు కనిపిస్తే ఉంటాయి.

ఆ చిన్న పనికి కూడా ఇన్వాయిస్, ఆ రోజు రేటు, లావాదేవీ నంబరు, అమ్మిన రసీదు ఒకే ఫైల్లో పెట్టండి. వాలెట్‌కు తాళంచెవిలా ఇచ్చే 12 పదాలు ఫోన్‌లో ఫొటో తీయకుండా కాగితం మీద రాసి బీరువాలో దాచండి. పరకాల వెళ్లినప్పుడు ఫైలు మీ నాన్నగారికి చూపించండి. మీ ఈ తక్‌పట్టీలో ఏముందో, ఏం లేదో ఆయనే పట్టేస్తారు.