గుంటూరు ఎండలో ఉంటూ విటమిన్ డి తక్కువేంటి? దానికీ కాళ్ల సత్తువకీ సంబంధం ఉందా?

ఉంది, చాలా గట్టి సంబంధమే ఉంది. మీ అమ్మగారు మెట్లెక్కలేకపోతున్నారనీ, రక్తపరీక్షలో విటమిన్ డి తక్కువని వచ్చిందనీ, రాగిజావా పాలూ పొద్దున్నే కాసేపు ఎండా సరిపోవా అనీ అడిగారు. సరిపోవు. రాగుల్లో కాల్షియం దండిగా ఉంటుంది కానీ విటమిన్ డి ఉండదు. పొద్దున ఆరింటి ఎండతో కూడా అది తయారవదు. ఈ రెండు మాటలూ మా చుట్టాల్లో ఎంతమందికి చెప్పానో! ఎవరూ ఓ పట్టాన ఒప్పుకోరు.

నాకు ఇంత పట్టింపు మా అత్తయ్య వల్ల వచ్చింది. ఆవిడకి డెబ్బై దాటాయి. మామయ్య పోయాక తెనాలి దగ్గర ఊరొదిలి బ్రాడీపేటలో మా ఫ్లాట్‌కి వచ్చేశారు. కొన్నేళ్లకి నడక మారింది. అడుగేస్తే ఒళ్లంతా అటూ ఇటూ ఊగేది. ఆటో ఎక్కాలంటే ఎవరో ఒకరు వెనకనుంచి ఎత్తాలి. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, మోకాళ్లు అరిగాయని జెల్లు, నొప్పి మాత్రలు, మోకాలి పట్టీ రాసిచ్చారు. ముందు ముందు ఆపరేషన్ తప్పకపోవచ్చని కూడా అన్నారు. డెబ్బై దాటిన వాళ్లలో చాలామందికి మోకాలు ఎక్స్‌రే తీస్తే ఎంతో కొంత అరుగుదల కనిపిస్తూనే ఉంటుంది. అది కనిపించింది కదాని ఇంక వేరే కారణం వెతక్కపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఆవిడ తొడ మీద చెయ్యి వేసి చూసినవాళ్లు ఒక్కరు లేరు.

బెజవాడలో మా ఆడపడుచు గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం కథ అయిపోయింది, హారతికి అందరూ లేచారు. కింద చాప మీద కూర్చున్న అత్తయ్య మాత్రం లేవలేకపోయారు. ముందు కుడిచెయ్యి నేలకి ఆనించి నడుం పైకెత్తారు. తర్వాత రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తొడల మీదుగా ఒక్కో చెయ్యీ పైకి జరుపుకుంటూ తన ఒంటిని తనే నెట్టుకోబోయారు. సగం దాకా వచ్చి మళ్లీ కూలబడిపోయారు. గుప్పిట్లో ఉన్న అక్షింతలన్నీ చాప మీద పడ్డాయి. నేనూ మా ఆయనా చెరో రెక్కా పట్టుకుని లేపాం. "మోకాలు నొప్పా అత్తయ్యా?" అన్నాను. "నొప్పి కాదమ్మాయ్, కాళ్లల్లో సత్తువే లేదు. తొడలు నావి కానట్టున్నాయి" అన్నారు. పక్కనున్న పెద్దావిడ "వయసు కదమ్మా, మాకూ అంతే" అని సర్దిచెప్పింది. ఈ "వయసు కదమ్మా" అనే మాట వల్ల మన ఇళ్లల్లో ఎంతమంది ఆడవాళ్లు మందు లేకుండా మూలన కూర్చుంటున్నారో!

గుంటూరు తిరిగొచ్చాక కొత్తపేటలో ఒక జనరల్ ఫిజీషియన్‌కి చూపించాం. ఆయన ముందు మోకాలు పట్టుకోలేదు. "చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి లేవండమ్మా" అన్నారు. అత్తయ్య ముందుకు వంగారు, ఇంకా వంగారు, లేవలేకపోయారు. "చెయ్యి ఆనించకుండా ఎట్లా లేస్తానండీ?" అన్నారు. "అదేనమ్మా నాకు కావలసింది, ఇది తొడల్లో, తుంటి దగ్గర కండరాల్లో ఉన్న బలహీనత" అన్నారాయన. రక్తపరీక్షలో విటమిన్ డి 8 (మిల్లీలీటరుకి నానోగ్రాములు) వచ్చింది. 20 కంటే తగ్గితేనే లోపం అంటారు. ఎముకల్లో తేడా వస్తే రక్తంలో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా పెరిగి ఉంది. అంటే ఎముక కూడా మెత్తబడుతోందన్నమాట.

మనకి విటమిన్ డి అనగానే ఎముకే గుర్తొస్తుంది. కండరానికీ అది కావాలి. కండరం ముడుచుకోవాలన్నా, మళ్లీ వదులవ్వాలన్నా దాని కణాల్లో కాల్షియం అటూ ఇటూ కదలాలి. శక్తికి ఫాస్ఫరస్ కావాలి. తిన్న తిండిలోంచి ఈ రెంటినీ పేగులు సరిగా పీల్చుకోవాలంటే విటమిన్ డి ఉండాలి. లోపం ముదిరితే ముందు దెబ్బతినేవి తొడ, తుంటి, భుజాల కండరాలు. అందుకే మెట్లెక్కడం, కింద కూర్చుని లేవడం, అటక మీద సామాను అందుకోవడం కష్టమవుతాయి. కండరంలో చురుగ్గా పనిచేసే పోగులు కొన్ని ఉంటాయి. బాత్‌రూమ్‌లో కాలు జారితే ఠక్కున ఆపేవి అవే. విటమిన్ డి లోపంలో ఎక్కువగా సన్నబడేవి కూడా అవే. ముసలివాళ్లు ఊరికే పడిపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా గట్టి నమ్మకం.

ఇక మన ఎండ సంగతి. చర్మంలో విటమిన్ డి తయారవడానికి సూర్యకాంతిలో యూవీబీ అనే భాగం కావాలి. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు అది మన దాకా దాదాపు రాదు. నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడే ఎండలో నిలబడి ప్రయోజనం. తిరుపతిలో దీని మీద పరిశోధన చేసి, విటమిన్ డి బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 గంటల మధ్యేనని తేల్చారు. మన గుంటూరులో ధనుర్మాసంలో అయితే నీడ పొట్టిదయ్యేసరికి పదిన్నర దాటుతుంది. మే నెలలో తొమ్మిదింటికే పొట్టిదవుతుంది, ఆ నెలలో పన్నెండింటి ఎండలో ఎవరూ నిలబడక్కర్లేదు, వడదెబ్బ తగులుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. మనలాంటి చామనఛాయ వాళ్లకి తెల్లవాళ్లకన్నా ఎక్కువసేపు ఎండ కావాలి. వయసు పైబడితే చర్మం తయారుచేసేదే తగ్గిపోతుంది.

ఇంత ఎండున్న ఊళ్లో మనం ఎండ చూసేదెక్కడ? స్కూటీ మీద వెళ్లే ఆడపిల్లల మొహానికి చున్నీ, చేతులకి మోచేతి దాకా గ్లౌజులు. మిరపకోతకి వెళ్లేవాళ్లు కూడా చీర మీద పొడుగు చేతుల చొక్కా, తలకి గుడ్డ. తిరుపతి ప్రాంతంలో చేసిన పరీక్షల్లో పల్లెవాళ్లకి పట్నం వాళ్లకన్నా కాస్త మెరుగే అయినా చాలినంత లేదని తేలింది. ఊళ్లో ఉన్నప్పుడు అత్తయ్య వడియాలు పెట్టుకుంటూ, మిరపకాయలు ఆరబోసుకుంటూ మిట్టమధ్యాహ్నం దాకా డాబా మీదే ఉండేవారు. మా అపార్ట్‌మెంట్‌లో డాబాకి తాళం. ట్యాంకులున్నాయి, పిల్లలు ఎక్కుతారు అని అసోసియేషన్ వాళ్లు తాళంచెవి ఎవరికీ ఇవ్వరు. వడియాలు స్వగృహ ఫుడ్స్ నుంచి వస్తున్నాయి. మా బాల్కనీ ఉత్తరం వైపు, ఎదురుగా ఐదంతస్తుల బిల్డింగు. ఎండ కోసం నేను అసోసియేషన్‌తో పోట్లాడాల్సి వచ్చింది. మీరూ పోట్లాడండి, డాబా అందరిదీ.

తిండి గురించి రెండు ముక్కలు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లో చెప్పిన లెక్కన రోజుకి 600 యూనిట్లు కావాలి. ఒక గుడ్డు పచ్చసొనలో సుమారు 40 ఉంటాయి. కానాగంతలు, కవ్వళ్లు లాంటి కొవ్వున్న సముద్రపు చేపల్లో బాగా ఉంటుంది, కానీ మనవాళ్లు ఎక్కువగా తినేది చెరువు చేపే. మా అత్తయ్య పూర్తి శాకాహారి. ఆవిడకి మిగిలింది పాలే, మామూలు పాలల్లో అది నామమాత్రం. ప్యాకెట్ మీద నీలం రంగులో ప్లస్ ఎఫ్ గుర్తుంటే ఎ, డి కలిపారని అర్థం, నూనె ప్యాకెట్ల మీద కూడా ఉంటుంది, చూసి కొనండి. అయినా 8కి పడిపోయినవాళ్లని తిండి ఒక్కటే పైకి లాగలేదు.

డాక్టరు రాసినట్టు వారానికొకసారి 60,000 యూనిట్ల పొడి, భోజనం అయ్యాక పాలల్లో కలిపి ఇచ్చాం. కొవ్వుతో కలిస్తేనే అది ఒంటికి బాగా పడుతుంది. కాల్షియం, కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం కూడా చెప్పారు. మార్పు నెలల మీద వచ్చింది. మొదట మంచం మీంచి లేవడం తేలికైంది, తర్వాత ఆటో. మోకాళ్లు అరిగినవి అరిగినట్టే ఉన్నాయి, ఆపరేషన్ మాట మళ్లీ రాలేదు.

అయితే మెడికల్ షాపుకెళ్లి ఆ ప్యాకెట్లు మీ అంతట మీరు కొనెయ్యకండి. మా లైన్లో జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు కండ పెరుగుతుందని వారం వారం తాగుతున్నారు. లోపం లేనివాళ్లకి అదనంగా వేసినా బలం పెరగదు, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం పట్టుకుంటాయి, కిడ్నీలు పాడవుతాయి. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన ఆడవాళ్లకి ఏడాదికొకసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ తగ్గకపోగా పెరిగాయని 2010లో తేలింది.

మీ అమ్మగారిని ఇవాళే గోడకి ఆనించిన గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, మీరు పక్కన నిలబడి, చేతులు కట్టుకుని లేవమనండి. లేవలేకపోతే ఆ సంగతి డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి. థైరాయిడ్ పరీక్ష చేయించండి. కొలెస్ట్రాల్ మాత్ర వాడుతుంటే అది కూడా చెప్పండి, థైరాయిడ్ తేడా వల్లా, ఆ మాత్రల వల్లా కూడా కొందరికి తొడలు ఇలాగే నీరసపడతాయి.