పెడళ్ల కరెంటు కంటే ముందు ఆషాఢం ఖర్చు చూడండి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. విజయవాడలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాను, సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెబుతాను. ముహూర్తాలున్న నెలలో అంతా కలిపి 58,000 రూపాయలు వస్తాయి. లేని నెలలో పాఠాల మీద వచ్చే 18,000 మాత్రమే. అలాంటి నెలలు ఏడాదికి దాదాపు ఆరు. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. ఇంటి ఖర్చు 31,000. బ్యాంకులో 22,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 41,000, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. నా దగ్గర ట్యూనర్, ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, కోరస్, డిజిటల్ డిలే, డిజిటల్ రివర్బ్ పెడళ్లున్నాయి (గిటారుకు తగిలించి కాలితో నొక్కే చిన్న పెట్టెలు). ఆరింటికీ ఒకే అడాప్టర్ కావడంతో యాంప్లిఫయర్‌లో (యాంప్) హమ్మింగ్, సన్నటి కూత వస్తున్నాయి. ఒక్కో పెడల్‌కు వేరువేరుగా కరెంటు ఇచ్చే ఐసోలేటెడ్ పవర్ సప్లై కొనాలి. తొమ్మిది అవుట్‌పుట్లున్నది 28,000, ఐదు అవుట్‌పుట్లున్నది 9,000. తోటివారు పెద్దదే తీసుకోమంటున్నారు. ఒక లోన్ యాప్ నెలకు 2,790 చొప్పున 12 వాయిదాలకు అప్పు ఇస్తానంటోంది, ముందుగా 1,400 రుసుము పట్టుకుంటుంది. లేదంటే కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ. అదీ కాదంటే నా భార్య గాజుల మీద బంగారు రుణం. ఏది మంచిది?

జవాబు: మూడూ వద్దు. ఈ పొరపాటు మీ ఒక్కరిదే అయితే రెండు వాక్యాల్లో జవాబు రాసి ఊరుకునేవాణ్ని. పెళ్లిళ్ల మీద బతికే ఫొటోగ్రాఫర్లు లెన్సు కోసం, డెకరేషన్ వాళ్లు లైట్ల కోసం, కీబోర్డు వాయించేవారు కొత్త మోడల్ కోసం ఇదే పని చేస్తున్నారు. పని ముట్టు మీద పెట్టింది ఖర్చు కాదు, పెట్టుబడి అని ధైర్యం చెప్పుకొని సంతకం చేస్తారు. పెట్టుబడి అయితే దాని మీద ఎంత వస్తుందో లెక్క ఉండాలి కదా! కూత ఆగితే మీ ఆర్కెస్ట్రా యజమాని ప్రోగ్రాముకు ఎంత పెంచుతారో మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు.

ముందు మీ జీతం ఎంతో చూద్దాం. ఆరు నెలలు 58,000, ఆరు నెలలు 18,000. మొత్తం 4,56,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 38,000. అదీ మీ జీతం. 58,000 కాదు. ముహూర్తాల నెలలో చేతికొచ్చిన నోట్లను చూసి 2,790 వాయిదా ఎంతలే అనుకుంటున్నారు. ఆ వాయిదా ఆషాఢంలోనూ వస్తుంది, పుష్యంలోనూ వస్తుంది, మూఢంలోనూ వస్తుంది. శుక్ర మౌఢ్యం ఒక్కోసారి పది రోజుల్లో తీరిపోతుంది, ఒక్కోసారి రెండు నెలలకు పైగా పట్టుకుంటుంది. ముహూర్తం లేని ఒక్కో నెలలో మీ ఇంటికి 13,000 తక్కువ పడుతుంది. అలాంటివి రెండు వరసగా వస్తే 26,000 కావాలి. మీ దగ్గరున్నవి 22,000. వాయిదా కలపకముందే లోటు.

మీరు సరిగ్గా ఈ లోటునే కార్డుతో పూడ్చుకుంటూ వచ్చారని నా అనుమానం. 41,000 బాకీ ఒక్క రోజులో పేరుకుపోయేది కాదు. కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ వేసుకుంటే 1,435. దాని మీద 18 శాతం జీఎస్టీ 258. మొత్తం 1,693. మీరు కట్టే కనీస మొత్తం అయిదు శాతం అనుకుంటే 2,050. అంటే అసలులో తగ్గేది నెలకు 357 రూపాయలు! పైగా బాకీ మిగిలి ఉన్నంతకాలం కార్డు మీద కొత్తగా ఏది కొన్నా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఆ కార్డు మీదే నో కాస్ట్ ఈఎంఐ తీసుకుంటానంటున్నారు. దానికి ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ భాగం మీద జీఎస్టీ ఎలాగూ ఉంటాయి, నగదుకు దొరికే తగ్గింపు పోతుంది. అంతకంటే దాని గురించి మాట్లాడను.

లోన్ యాప్ గురించి మాత్రం మాట్లాడాలి. 12 వాయిదాలు కలిపితే 33,480. తీసుకున్నది 28,000 కాబట్టి వడ్డీ 5,480 అనీ, ఏడాదికి 20 శాతంలోపేననీ మీకు చెప్పి ఉంటారు. అది నిజం కాదు. రుసుము పోగా మీ చేతికొచ్చేది 26,600. అదీ ఏడాదంతా మీ దగ్గర ఉండదు, మొదటి నెల నుంచే తిరిగి వెళ్లిపోతూ ఉంటుంది. ఆ లెక్కన అసలు రేటు ఏడాదికి దాదాపు 45 శాతం. అన్ని రుసుములూ కలిపిన వార్షిక రేటును అప్పు ఇచ్చే ముందే ముఖ్య వివరాల పత్రంలో చూపాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. ఆ పత్రం అడిగారా? వాళ్లు చెప్పిన వాయిదా మాత్రమే విని, రేటు అడగకుండా మీవంటి చదువుకున్నవారు కూడా ఒప్పుకుంటుంటే నాకు కోపం వస్తుంది, బాధా కలుగుతుంది.

బంగారు రుణం వడ్డీ వీటిలో తక్కువే. అయినా హమ్మింగ్ కోసం గాజులు కుదువ పెట్టకండి. మీ ఇంట్లో ఆపదకు అక్కరకొచ్చే ఆస్తి ప్రస్తుతం అదొక్కటే.

ఆపద అంటే ఏదో దూరపు మాట అనుకోవద్దు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు నాకు తెలిసిన కీబోర్డు కళాకారుడి చేతిలో ఒక నెల అద్దెకు సరిపడా డబ్బు కూడా లేదు. వైశాఖం ముహూర్తాలన్నీ పోయాయి. జూన్‌లో కీబోర్డును సగం ధరకు అమ్ముకున్నారు. పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాక ప్రోగ్రాముకు ఇంత అని అద్దె కట్టి కీబోర్డు తెచ్చుకుని వాయించారు. ఆ కీబోర్డు కూడా వాయిదాల మీద కొన్నదే. మరో లాక్‌డౌన్ రాకపోవచ్చు. మీ ఎడమచేతి వేలు ఒక్కటి విరిగితే చాలు, ఆరు వారాలు గిటారు పట్టుకోలేరు. ఆరోగ్య బీమా ఆసుపత్రి బిల్లు కడుతుంది. వాయించని ప్రోగ్రాముల డబ్బు ఎవరూ ఇవ్వరు. అందుకే ఉద్యోగస్థులకు మూడు నెలల ఖర్చు పక్కన పెట్టమని చెప్పే నేను, మీవంటి కళాకారులకు ఆరు నెలలది పెట్టమంటాను. మీ ఇంటికి అది 1,86,000. పెద్ద మొత్తమే. ఒక్క ఏడాదిలో రాదు. కానీ అది మొదలు కాకుండా మీ ఇంట్లోకి కొత్త వస్తువేదీ రాకూడదు.

ఇక పవర్ సప్లై. ఇంత చెప్పి మీ కూతను అలాగే వదిలేయను, అది మీ పనికి సంబంధించినది. ముందు రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. ఇంట్లో ఒక్కో పెడల్‌నూ విడిగా యాంప్‌కు తగిలించండి. బ్యాటరీ పట్టే పెడల్‌ను ఒకసారి 9 వోల్టుల బ్యాటరీ మీద, ఒకసారి అడాప్టర్ మీద వాయించి చూడండి. బ్యాటరీ మీద కూడా హమ్ వస్తుంటే తప్పు సప్లైది కాదు. గిటారు తీగల కంపనాన్ని పట్టే సింగిల్ కాయిల్ పికప్‌దో, పాడైన కేబుల్‌దో కావచ్చు. ఫంక్షన్ హాల్లోనే వచ్చి ఇంట్లో రాకపోతే అక్కడి ఎర్తింగునో, స్టేజి లైట్ల డిమ్మర్‌నో అనుమానించాలి. అప్పుడు 28,000 పెట్టినా అది పోదు.

తర్వాత డిలే, రివర్బ్ రెండింటినీ ఉమ్మడి తీగ నుంచి తప్పించి చూడండి. డిజిటల్ పెడల్ లోపలి చిప్ గడియారం చేసే చప్పుడు ఉమ్మడి నెగెటివ్ తీగ గుండా పక్క పెడళ్లలోకి పాకుతుంది, డిస్టార్షన్ దాన్ని ఎన్నో రెట్లు పెంచి వినిపిస్తుంది. మీకు వినపడే సన్నటి కూత ఎక్కువగా ఇదే. ఆ రెండింటినీ తీశాక కూత ఆగితే చెరొక విడి అడాప్టర్ కొనండి. రెగ్యులేటెడ్, 9 వోల్టులు, మధ్య పిన్ను నెగెటివ్. గోడకు విడివిడిగా తగిలించిన అడాప్టర్లు ఒకదానికొకటి ఐసోలేటెడ్ కిందే లెక్క. మిగతా నాలుగూ పాత తీగ మీదే నడుస్తాయి. రెండు వేలలోపు తేలిపోయే పని ఇది. స్టేజి మీద తీగలు ఎక్కువవుతాయి, ఓర్చుకోండి.

28,000 సప్లై మీకు ఎందుకు అక్కర్లేదో కూడా లెక్క వేయండి. ట్యూనర్‌కు 30 మిల్లీఆంపియర్ల కరెంటు, ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్‌లకు పదేసి, కోరస్‌కు 25, డిలేకు 65, పెద్ద రివర్బ్ అయితే 300. పెడళ్ల వెనక రాసిన అంకెలతో సరిచూసుకోండి, మొత్తం 440 దగ్గర తేలుతుంది. తొమ్మిది అవుట్‌పుట్లకు ఒక్కొక్కటి 500 చొప్పున ఇచ్చే పెట్టె 4,500 ఇస్తుంది. మీ అవసరానికి పది రెట్లు. పెడల్ తనకు కావలసినంతే తాగుతుంది, మిగతాది అక్కరకు రాదు. ఐదు అవుట్‌పుట్ల పెట్టెలో ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ ఒకే అవుట్‌పుట్‌ను పంచుకుంటే ఆరూ సరిపోతాయి. రివర్బ్‌కు తగిలించే అవుట్‌పుట్ 300కు పైగా ఇవ్వగలదా అన్నది ఒక్కటే చూడండి. అవుట్‌పుట్ మీద 12, 18 వోల్టుల మీట ఉంటే అది 9 మీదే ఉందో లేదో చూశాకే తగిలించండి, ఎక్కువ వోల్టేజీ పెడల్‌ను కాల్చేయవచ్చు. విదేశం నుంచి ఎవరైనా తెచ్చిస్తామంటే 230 వోల్టులకు పనికొస్తుందా అని అడగండి.

బజారులో ఐసోలేటెడ్ అని పెట్టె మీద అచ్చు వేసి లోపల నెగెటివ్‌లన్నీ కలిపేసినవి చౌకగా అమ్ముతున్నారు. కొట్లోనే మల్టీమీటర్ అడిగి, తీగలు కలిసి ఉంటే బీప్ మోగేలా పెట్టించుకోండి. సప్లై గోడ నుంచి తీసి ఉండగా, రెండు అవుట్‌పుట్ల నెగెటివ్ కొనలకు మీటర్ ముళ్లు ఆనించండి. బీప్ మోగితే అది ఐసోలేటెడ్ కాదు, పెట్టె తిరిగి ఇచ్చేయండి.

ఆరు పెడళ్లూ ఒకే తీగ మీద ఉంటే ఒకదాని చప్పుడు ఇంకొకదానిలోకి వస్తుందని మీకు నాకంటే బాగా తెలుసు. మీ ఇంటి డబ్బు కూడా ఒకే ఖాతా తీగ మీద వేలాడుతోంది. ఈ వారమే వేరే బ్యాంకులో ఇంకో ఖాతా తెరవండి. దానికి డెబిట్ కార్డు, ఫోను చెల్లింపులు తగిలించకండి. 22,000 అందులో వేసి, నెలనెలా ఇంటికి పంపేదానికి తప్ప కదపకండి. ప్రోగ్రాముల డబ్బు, పాఠాల డబ్బు అంతా ముందు అక్కడికే వెళ్లాలి. అక్కడి నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన 31,000 ఇంటి ఖాతాకు జీతంలా పంపుకోండి, ముహూర్తాలున్నా లేకున్నా అంతే. ముహూర్తాల నెలలో మిగిలే 27,000 మొత్తం కార్డుకే కట్టండి. రెండు నెలల్లో అది తీరిపోతుంది. అంతదాకా కార్డును బీరువాలో పెట్టండి. ఆ తర్వాతి మిగులంతా నిధికి. మూఢాల లోటు ఆరు నెలలకు 78,000 పోయాక కూడా ఏడాది చివరికి మీ నిధిలో 60,000 దాకా ఉంటుంది. రెండు నెలల భద్రత.

విడి అడాప్టర్లతో తృప్తి కలగకపోతే ఒక్కో ప్రోగ్రాం డబ్బులోంచి 200 పక్కన పెట్టండి. 45 ప్రోగ్రాములకు 9,000 అవుతాయి, చిన్న పెట్టె నగదుకు వస్తుంది. నిధి ఆ మేరకు తగ్గినా ఒప్పుకుంటాను. సెకండ్ హ్యాండ్ దొరికితే పైన చెప్పిన మీటర్ పరీక్ష చేసి కొనండి.

ఆరోగ్య బీమా గురించి మీరు రాయలేదు. ప్రభుత్వ వైద్యసేవ కార్డుకు మీ కుటుంబానికి అర్హత ఉందో లేదో సచివాలయంలో కనుక్కోండి. కార్డు బాకీ తీరిన నెలలోనే ముగ్గురికీ కలిపి పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు.

యాప్‌లో దరఖాస్తు ఇప్పటికే పెట్టి ఉంటే ఈ జవాబు చదివిన వెంటనే రద్దు చేయండి. డబ్బు ఖాతాలో పడిపోయిందా? అప్పు వద్దనుకుంటే అసలును, వాడుకున్న రోజులకు తగిన వడ్డీని కట్టి జరిమానా లేకుండా బయటపడటానికి కొద్దిపాటి గడువు ఇవ్వాలని కూడా నియమం ఉంది. అది ఎన్ని రోజులో ముఖ్య వివరాల పత్రంలో ఉంటుంది, దాటిపోనివ్వకండి. ఫోనులో పరిచయాలు, ఫొటోలు చూసేందుకు ఆ యాప్‌కు మీరిచ్చిన అనుమతులు తీసేయండి. అవి అడిగే హక్కు అప్పు యాప్‌లకు లేదు.