తాళాలిచ్చే రోజున అలారం బటన్ నొక్కి చూడు

ఒరేయ్ చిన్నోడా,

రీడింగ్ ఊళ్ళో ఇల్లు అద్దెకిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అడ్వాన్సూ అగ్రిమెంటూ నువ్వు చూసుకోగలవు, దాని గురించి నాకు టెన్షన్ లేదు. పొగ అలారాల సంగతే చెబుదామని రాస్తున్నా.

ఇంగ్లండ్‌లో 2015 నుంచి, అద్దె ఇంట్లో మనుషులుండే ప్రతి అంతస్తులో కనీసం ఒక స్మోక్ అలారం ఉండాలి. నీకు కిందా పైనా కాక పైకప్పు కింద లాఫ్ట్‌లో ఇంకో బెడ్‌రూమ్ ఉంది, అంటే మూడు అలారాలు. 2022 అక్టోబర్ 1 నుంచి నీళ్ళు వేడిచేసే బాయిలర్, గది వెచ్చబెట్టే గ్యాస్ ఫైర్ లాంటివి బిగించిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా తప్పనిసరి చేశారు. వంట చేసే గ్యాస్ స్టవ్ ఈ లెక్కలోకి రాదు గానీ, నీ బాయిలర్ వంటింట్లోనే ఉంది కాబట్టి అక్కడ ఒకటి పెట్టాల్సిందే. ఆ విషవాయువుకి రంగూ వాసనా ఉండవురా, నిద్రలో ఉన్నవాళ్ళకి అసలు తెలియదు.

మనవాళ్ళ ఇళ్ళలో చిక్కంతా తాలింపు దగ్గరే, ఆ పొగకి అలారం మోగుతుంది. నా ఇంట్లో ఒకసారి అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశాక వెళ్ళి చూస్తే, వంటింటి గుమ్మం పైన అలారానికి షవర్ క్యాప్ తొడిగి ఉంది, విప్పితే లోపల బ్యాటరీ కూడా లేదు, పసిపిల్లలున్న ఇల్లు, ఎన్ని రాత్రులు అలాగే పడుకున్నారో అని తలుచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళని ఏమనాలి? ఎండుమిర్చి ఘాటు తగిలే చోట దాన్ని బిగించింది నేను. అందుకే వంటింట్లో పొగకి కాకుండా వేడికి మోగే హీట్ అలారం పెట్టు. స్మోక్ అలారం హాల్లో, మెట్ల పైన సీలింగ్‌కి, గోడకీ లైటుకీ కనీసం అడుగు దూరంలో ఉండాలి. హీట్ అలారం ఉంది కదా అని కింద స్మోక్ అలారం మానేయకు, చట్టం ఒప్పుకోదు. పదేళ్ళ సీల్డ్ బ్యాటరీవి కొను, బ్యాటరీ పీకే బాధ ఉండదు.

టెనెన్సీ, అంటే అద్దె ఒప్పందం, మొదలయ్యే రోజునే అన్నీ మోగుతున్నాయో లేదో చూడటం ఓనర్ బాధ్యత, ముందురోజు చూశానంటే కుదరదు. వాళ్ళ ఎదురుగానే చీపురు కర్రతో బటన్ నొక్కు, ఇన్వెంటరీ (ఇంట్లో ఉన్నవాటి జాబితా) మీద రాసి సంతకం పెట్టించుకో. తర్వాత నెలనెలా నొక్కి చూసుకోవడం, మార్చే రకం బ్యాటరీ అయితే మార్చుకోవడం వాళ్ళ పని. పాడైందని మెసేజ్ వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా నువ్వే మార్పించాలి. కౌన్సిల్ (అక్కడి మునిసిపాలిటీ లాంటిది) నోటీసిస్తే 28 రోజుల్లో సరిచేయాలి, లేదంటే 5,000 పౌండ్ల దాకా ఫైన్ వేస్తారు.

శనివారమే కదా తాళాలిచ్చేది, శుక్రవారం ఫోన్ చెయ్, నా నిచ్చెన కార్లో వేసుకొస్తా.

మీ పెద్దనాన్న