రోటర్ బ్లేడుకు ఎదురయ్యే గాలి వేగం ఎంత?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. జెట్ ఇంజిన్ల రంగంలో స్థిరపడాలని ఉంది. థ్రస్ట్ (ఇంజిన్ విమానాన్ని ముందుకు నెట్టే బలం) లెక్కలో విమాన వేగాన్నీ, రోటర్ (తిరిగే బ్లేడుల చక్రం) లెక్కలో బ్లేడు వేగాన్నీ ఎందుకు తీసివేస్తారో అంతుపట్టడం లేదు. ఈ పాఠం వదిలేసి నేరుగా సీఎఫ్‌డీ (గాలి, నీటి ప్రవాహాలను కంప్యూటర్‌తో లెక్కగట్టే) సాఫ్ట్‌వేర్ నేర్చుకోవచ్చా?

జవాబు: వదిలేయకండి. రోటర్‌ను సీఎఫ్‌డీలో విశ్లేషించేటప్పుడు ఏ వేగం నేల మీద నిలబడి కొలిచిందో, ఏది బ్లేడుతోపాటు తిరుగుతూ కొలిచిందో మీరే చెప్పాలి. అక్కడ పొరబడితే సాఫ్ట్‌వేర్ ఆ తప్పునే రంగురంగుల బొమ్మగా గీసి చూపిస్తుంది.

మీరు అడిగిన రెండు సందర్భాల్లోనూ సూత్రం ఒకటే: కదిలే వస్తువు దృష్ట్యా గాలి వేగాన్ని చూడాలి. కొలిచే చోటు మాత్రమే వేరు. విమానం సెకనుకు 250 మీటర్ల వేగంతో వెళ్తూ, ఇంజిన్ దృష్ట్యా 600 మీటర్ల వేగంతో వాయువును వెనక్కి వదులుతోందనుకుందాం. ఇంజిన్ దృష్ట్యా గాలి 250 మీటర్ల వేగంతో లోపలికి వచ్చి 600 మీటర్ల వేగంతో బయటికి పోతోంది కాబట్టి, ఇంధన ద్రవ్యరాశినీ, నాజిల్ (వాయువు బయటికి వచ్చే మూతి) దగ్గరి పీడన భేదాన్నీ పక్కన పెడితే, సెకనుకు లోపలికి వచ్చే ప్రతి కిలో గాలికీ 350 న్యూటన్ల థ్రస్ట్ లభిస్తుంది. నేల మీద ఉన్నవారికి ఆ వాయువు వెనక్కి వెళ్లే వేగం 350 మీటర్లే; దానిలోంచి మళ్లీ 250 తీసివేయడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు.

రోటర్ దగ్గర చేయవలసింది అంకెల తీసివేత కాదు, సదిశల (దిశ కూడా ఉన్న రాశుల) తీసివేత; ఆ వేగాలను బాణాలుగా గీస్తే త్రిభుజం వస్తుంది. కంప్రెసర్‌లోకి (ఇంజిన్‌లో గాలిని ఒత్తే భాగంలోకి) గాలి అక్షం వెంబడి 150 మీటర్ల వేగంతో వస్తుండగా బ్లేడు చివర దానికి అడ్డంగా 300 మీటర్ల వేగంతో తిరుగుతుంటే, ఆ చివరకు గాలి దాదాపు 335 మీటర్ల వేగంతో, అక్షానికి 63 డిగ్రీల వాలున ఎదురవుతుంది. 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ధ్వని వేగం 340 మీటర్లు కాబట్టి, నెమ్మదిగా వచ్చినట్టు కనిపించే గాలే బ్లేడు కొసకు ధ్వని వేగానికి చేరువలో తగులుతోందన్నమాట. అదే బ్లేడు మీద సగం వ్యాసార్ధం దగ్గర ఆ వేగం 212 మీటర్లు, వాలు 45 డిగ్రీలు. బ్లేడును మొదలు నుంచి చివరి దాకా మెలి తిప్పి చేయడానికి కారణం ఇదే. మీ ఇంట్లో టేబుల్ ఫ్యాన్ ఉంటే దాని రెక్కను ఒకసారి గమనించండి.

ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష మెకానికల్ సిలబస్‌లోనూ టర్బో మెషినరీ (తిరిగే బ్లేడుల యంత్రాలు), వెలాసిటీ డయాగ్రమ్స్ (ఈ వేగ త్రిభుజాలు) ఉన్నాయి. నీటి ధార బకెట్లను తాకి తిప్పే పెల్టన్ చక్రంతో మొదలుపెట్టండి. బకెట్ వేగం జెట్ వేగంలో సగం ఉన్నప్పుడే సామర్థ్యం గరిష్ఠమని స్వయంగా రాబట్టండి. ఎంటెక్‌లో ప్రొపల్షన్ గానీ టర్బో మెషినరీ గానీ తీసుకుంటే, యుద్ధవిమానాల కోసం కావేరీ జెట్ ఇంజిన్‌ను రూపొందించిన బెంగళూరులోని జీటీఆర్ఈ (గ్యాస్ టర్బైన్ పరిశోధన సంస్థ) వంటి సంస్థల పని మీ చదువుకు దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో తయారయ్యే టర్బైన్లకూ పునాది ఈ త్రిభుజాలే. ఒక బ్లేడుకు మూడు వ్యాసార్ధాల దగ్గర వాటిని చేత్తో గీసి, కోణాలు సరిచూసుకున్నాక సీఎఫ్‌డీ కోర్సులో చేరండి.