ఏ వేళ గాలి అది?

కావలి

చిరంజీవికి ఆశీస్సులు.

పై వాతావరణపు గాలుల మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. ఒంగోలులో ఉద్యోగం చేసుకుంటూ ఇలాంటి విషయాన్ని తెలుగులో తలకెత్తుకున్నావు. ఆ సంతోషంతోనే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

‘90 కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలి వీస్తుంది’ అన్నావు. ఏ వేళ? అక్కడ పొద్దున ఒక దిక్కుగా ఉన్న గాలి రాత్రికి దాదాపు ఎదురు తిరగవచ్చు. ఎందుకు తిరుగుతుందన్నదే నీ వ్యాసానికి ప్రాణం. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. కారణం గాలి పోటు, అంటే సముద్రంలో పోటులాగే గాలిలో రోజూ లేచి తగ్గే అల. సముద్రపు పోటుకు ముఖ్య కారణం చంద్రుడు, గాలి పోటుకు సూర్యుడి వేడి. కింద నీటి ఆవిరి, పైన ఓజోను పగలు ఎండను పీల్చుకుంటాయి, రాత్రి ఆ పని ఆగిపోతుంది. దాంతో 24 గంటల, 12 గంటల అలలు పుట్టి పైకి ఎక్కుతాయి. ఎక్కేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక అల పెరుగుతూ పోతుంది. నేల మీద ఒంటికి తెలియని కదలిక అక్కడ సెకనుకు పదుల మీటర్ల వేగమవుతుంది.

పాఠకుడికి ఈ పోటు నేల మీద వదిలే జాడ చూపించు. తుపాన్ల పుణ్యమా అని మన తీరంలో పీడనం మాట అందరూ ఎరుగుదురు. వాతావరణం నిలకడగా ఉన్న రోజుల్లో నెల్లూరులో బారోమీటరు చూస్తే ఉదయం 10, రాత్రి 10 ప్రాంతాల్లో పెరిగి, సాయంత్రం 4, తెల్లవారుజామున 4 ప్రాంతాల్లో తగ్గుతుంది. తేడా రెండు మూడు మిల్లీబార్లే. నువ్వే కొన్నాళ్లు చూసి రాసిపెట్టుకో.

పై గాలులను కొలిచే శ్రీహరికోట రాకెట్ల భాగం తగ్గించు. రాకెట్టు అది ఎగిరిన వేళ గాలినే చెబుతుంది. ఉల్కల జాడలు గాలికి కొట్టుకుపోవడాన్ని రేయింబవళ్లు గమనించే రాడార్ల గురించి రాయి.

ఇక దక్షిణార్ధగోళాన్ని ఆరు నెలలు జరిపిన ఉత్తరార్ధగోళంగా రాశావు. స్ట్రాటోస్ఫియరులో, అంటే ఓజోను ఎక్కువగా ఉండే పొరలో, వేసవి వైపు తూర్పు గాలి, చలికాలం వైపు పడమటి గాలి అన్నంతవరకే ఆ పోలిక. ఉత్తరాన పెద్ద పర్వతాలు, విశాలమైన భూభాగాలు లేపే అలలు ధ్రువం చుట్టూ తిరిగే పడమటి గాలిని తరచూ చెదరగొడతాయి. అప్పుడు అక్కడ కొద్ది రోజుల్లోనే పదుల డిగ్రీల వేడి పెరుగుతుంది. దక్షిణాన సముద్రమే ఎక్కువ కనుక ఆ అలలు బలహీనం. అందుకే 2002 సెప్టెంబరులో అంటార్కిటికా మీద అంతటి కలత రేగితే శాస్త్రవేత్తలు నివ్వెరపోయారు. అంతకుముందు అక్కడ అలాంటిది నమోదు కాలేదు. 2009 జనవరిలో ఉత్తర ధ్రువం మీద రేగిన కలతైతే గాలి పోటును మార్చి, భూమధ్యరేఖ మీది అయనోస్ఫియరును, అంటే విద్యుదావేశం నిండిన పై పొరను సైతం కదిలించింది. ధ్రువాల గొడవ మనకెందుకు అనే పాఠకుడికి ఇంతకన్నా మంచి జవాబు లేదు!

ఈ రెండు సంఘటనలనూ చివరి పేజీ అడుగు నుంచి ముందుకు తీసుకురా. గాలి వేగం చెప్పిన ప్రతిచోటా ఎత్తు, వేళ, నెల, అర్ధగోళం ఉండాలి. వాక్యం బరువెక్కినా ఫరవాలేదు. సవరించాక మళ్లీ పంపు, నువ్వు రాసుకున్న పీడనం అంకెలు కూడా జతచెయ్యి.